అటక సందులు - ఇంటి వెచ్చదనము

చలిదేశములలో గృహస్థుని మొదటి చింత వెచ్చదనము. మన పెంకుటిండ్లలో పైకెగసిన వేడిగాలి పెంకుల సందులగుండా వెడలిపోవుట మనకు మేలే. అట్టి సందులే అమెరికాలోనో, కెనడాలోనో ఉన్నచో, శీతకాలమున ఇంటివారు డబ్బిచ్చి కొన్న వేడి ఆకాశము పాలగును. న్యూజెర్సీ, మిషిగన్ మొదలగు రాష్ట్రములలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు సైతము ఇది అనుభవమే. కావున దీనిలోని శాస్త్రమును విద్యార్థులు గ్రహించుట ఉచితము.

అచటి అటక మనము బిందెలు, బస్తాలు దాచుకొను అటక వంటిది కాదు. గదుల లోకప్పునకును, ఏటవాలు పైకప్పునకును నడుమ నుండు ఖాళీ స్థలమది. దాని నేలపై గాజునార వంటి పదార్థమును మందముగా పరచుదురు. అయినను ఇల్లు చల్లబడుచునే యుండును. ఏల?

వేడిగాలి తేలిక, అది పైకి పోవును. పైన సందు దొరికినచో బయటపడును. ఆ లోటు తీర్చుటకు క్రింది సందులగుండా చలిగాలి లోనికి వచ్చును. అనగా ఇల్లంతయు ఒక పొగగొట్టమగును. గాజునార వేడిని నిరోధించునే గాని గాలిని ఆపజాలదు. ఈదురుగాలిలో ఉన్ని స్వెట్టరు ఒక్కటే చాలదు గదా!

1973 నాటి చమురు సంక్షోభ కాలమున ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు న్యూజెర్సీలోని ట్విన్ రివర్స్ ఇండ్లను పరీక్షించిరి. అటకకు పోవు వేడి లెక్కకు మించి యున్నట్లు తేలెను. గోడల నడుమ, గొట్టముల చుట్టు దాగియున్న గాలిదారులే అందుకు కారణము. నేడు వీథి తలుపున పెద్ద పంకా నమర్చి, లోపలికిని వెలుపలికిని 50 పాస్కల్‌ల పీడన భేదము కల్పించి, ఇంటి సందులను కొలుచుచున్నారు.

నీటి గొట్టములు, విద్యుత్తు తీగెలు, లోకప్పులోని దీపములు, గోడల పైఅంచులు, అటక మూత - ఇవి వెదుకవలసిన చోట్లు. గాజునారపై నల్లని మరక కనిపించినచో ఆ దిగువన సందున్నట్లు అనుమానింపవలెను. వెడలిపోవు గాలిలోని ధూళిని ఆ నార వడగట్టుటయే మరకకు హేతువు. సన్నని సందునకు లప్పము వంటి సీలెంటు, కొంచెము పెద్దదానికి గట్టిపడు నురుగు, మరింత పెద్దదానికి పలక, మూతకు రబ్బరు పట్టీ వాడుదురు. పొగగొట్టము చుట్టు మాత్రము రేకును, అధిక వేడికి తాళు సీలెంటును వాడవలెను. మామూలు నురుగు అచట కూడదు. ముందు సందులు పూడ్చి, పిదప నార పరచవలెను. చూరు క్రింది గాలిరంధ్రములను మాత్రము మూయరాదు. అవి అటకలోని తేమను వెడలగొట్టును.

ఇచట ప్రాణముతో కూడిన హెచ్చరిక యొకటి కలదు. ఇంటిలోని గాలితోనే మండు పాత గ్యాసు కొలిమి యున్నచో, సందులన్నియు మూసిన పిమ్మట దాని పొగ వెనుకకు మరలవచ్చును. అందలి కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. కావున పనికి ముందును, తరువాతను నిపుణునిచే పరీక్ష చేయించి, హెచ్చరిక యంత్రము నమర్చుకొనవలెను.

చిల్లుకుండను నింపుటకు ఎన్ని బిందెల నీరైనను చాలదు. చిల్లు పూడ్చుటయే వివేకము. అయితే ఏ రంధ్రము మూయవలెనో, ఏది తెరచి యుంచవలెనో తెలిసి చేయుటయే విజ్ఞానము.