స్టిక్ మొరాయిస్తోందా? తప్పు మీది కాదు!

ఫైటర్ విమానాల గేమ్‌లో ఆకాశం నుంచి నిట్టనిలువుగా దూకుతూ, జాయ్‌స్టిక్‌ని రెండు వేళ్లతో పక్కకి వంచేస్తున్నారా? రెండో ప్రపంచ యుద్ధం నాటి పైలట్‌కి అంత సుఖం లేదు!

రెక్కల చివర కదిలే పలకల్ని ఎయిలరాన్లు అంటారు. విమానాన్ని పక్కకి దొర్లించేవి అవే. అప్పట్లో చాలా ఫైటర్లలో వాటిని కదపాల్సింది పైలట్ కండబలమే. వేగం రెట్టింపైతే గాలి ఒత్తిడి నాలుగింతలవుతుంది. ఆ భారమంతా చేతి మీదే!

జపాన్ 'జీరో' సంగతే చూడండి. 1942 జూన్‌లో అలాస్కా దగ్గరి అకుటాన్ దీవిలో ఒక జీరో కూలింది. అమెరికన్లు దాన్ని బాగుచేసి, సెప్టెంబరులో శాన్ డియాగోలో ఎగరేశారు. నెమ్మదిగా వెళ్తే మహా చురుకు. గంటకి సుమారు 370 కిలోమీటర్లు దాటితే మాత్రం ఎయిలరాన్లు బిగుసుకుపోయేవి. ఇంకేం, ప్రాణాలు కాపాడే కిటుకు దొరికింది: జీరో వెంటపడితే వేగంగా కిందికి దూకి, పక్కకి తిరిగి తప్పించుకోవడమే!

మన జాయ్‌స్టిక్‌లో ఉండేది మామూలు స్ప్రింగు. వేగం ఎంతైనా దాని బిగువు ఒకటే. అందుకే 'ఐఎల్-2' లాంటి సిమ్యులేటర్లు పైలట్ బలాన్నీ లెక్కేస్తాయి. మీరు పూర్తిగా వంచినా, తెర మీది స్టిక్ కొంచెమే కదులుతుంది. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ స్టిక్ అయితే, లోపలి మోటారు మీ చేతినే ఎదురు నెడుతుంది.

కాబట్టి ఈసారి విమానం మాట వినకపోతే జాయ్‌స్టిక్‌ని తిట్టకండి. ముందు వేగం తగ్గించండి!