కలెక్టరంటే కాయ... గణపతంటే నవల!

పాత హాస్య నవలలు ఈ-పుస్తకాలయ్యాయి. మరి వెతికితే దొరకవేం? లోపల కథ భేషుగ్గా ఉంది... పైన చీటీయే సరిగా లేదు!

నూజివీడులో మామిడికాయల కాలంలో ‘కలెక్టరు ఎలా ఇస్తున్నారు?’ అని అడిగితే ఎవరూ ఉలిక్కిపడరు. అక్కడ కలెక్టరంటే తోతాపురి కాయ. చిన్నరసమేదో, బంగినపల్లేదో చూడగానే చెప్పేస్తారు. అదే మాట కంప్యూటరుని అడగండి... జిల్లా అధికారిని తెచ్చి ఎదుట నిలబెడుతుంది! దానికి రంగూ రుచీ తెలీవు. మనం రాసిచ్చిన మాటలే తెలుసు. ఈ-పుస్తకాల సంగతీ అంతే.

పూజల పుస్తకం అనుకుంటే...

చిలకమర్తి లక్ష్మీనరసింహం (1867-1946) రాసిన ‘గణపతి’ తెలుగువాళ్లను కడుపుబ్బ నవ్వించిన నవల. చీటీలో ఆ ఒక్క మాటే రాసి వదిలేస్తే? వెతికేవారికి వినాయకుడి స్తోత్రాలూ పూజావిధానాలే ముందు కనిపించొచ్చు. అందుకే ‘హాస్య నవల’, ‘పల్లె జీవితం’ అని కూడా రాయాలి.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో ఎన్నో పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు. తర్వాత అవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకీ చేరాయి. అక్కడ చాలావాటి పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లోనే ఉన్నాయి. గుర్తింపులో ‘2015’ అని ఉంటే అదే అచ్చయిన సంవత్సరం అనుకునేరు... కాదు!

చీటీలో ఏముండాలి?

ఈ చీటీనే మెటాడేటా అంటారు. 1995లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం డబ్లిన్‌లో నిపుణులు సమావేశమై దీనికో పద్ధతి మొదలుపెట్టారు. ‘డబ్లిన్ కోర్’ పేరుతో స్థిరపడిన ఆ పద్ధతిలో 15 అంశాలుంటాయి... పుస్తకం పేరు, రచయిత, విషయం, భాష, తేదీ, హక్కులు వగైరా. ఈపబ్ పుస్తకానికి పేరు, భాష, గుర్తింపు తప్పనిసరి. తప్పులుంటే ‘క్యాలిబర్’ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే దిద్దుకోవచ్చు.

విభాగం ఎంచుకునేటప్పుడూ జాగ్రత్త! ప్రచురణకర్తల జాబితాల్లో ‘హాస్యం’ వేరు, ‘హాస్య కాల్పనిక సాహిత్యం’ వేరు. మొదటిదాంట్లో పడేస్తే చక్కటి నవల కాస్తా జోకుల పుస్తకాల మధ్య చేరుతుంది.

హక్కుల గడి మరీ కీలకం. మనదేశంలో రచయిత కన్నుమూసిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. చిలకమర్తి రచనలు 2007 నుంచి అందరి సొత్తు. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టరు పార్వతీశం’ మొదటి భాగం 1924 నాటిదే. కానీ ఆయన 1973లో కన్నుమూశారు కాబట్టి 2033 చివరిదాకా హక్కులుంటాయి.

ఊరు కదలదు... జిల్లా మారుతుంది

ఒకసారి రాసేస్తే పని అయిపోదు. నూజివీడునే చూడండి. దశాబ్దాలపాటు కృష్ణా జిల్లా. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లాలో చేరింది. ఆ ఊరి కథలకు పాత జిల్లా పేరొక్కటే ఉంటే కొత్త పేరుతో వెతికేవారికి అందవు. పాతది కొట్టేస్తే పెద్దవాళ్లకు దొరకవు. రెండూ ఉంచాలి. రచయిత పేరూ అంతే... తెలుగులో ఒకటి, ఇంగ్లిషులో జనం రాసే రకరకాల స్పెల్లింగులు మరికొన్ని.

చెదలు పట్టకుండా స్కాన్ చేసి దాచుకున్నాం. పేరు తప్పు రాసి పోగొట్టుకుంటే చెదలు తిన్నదానికీ దీనికీ తేడా ఏముంది? తాతయ్యను నవ్వించిన పుస్తకం మనవరాలి ఫోన్లోకి రావాలంటే... ముందు చీటీ సరిచేయాలి!