దాగి ఉన్న ఇన్ఫెక్షన్‌ను గుర్తించే అణు వైద్య పరీక్షలు

మధుమేహ రోగి పాదానికి పుండు పడినపుడు వైద్యులు ముందుగా తేల్చుకోవలసిన అంశం ఒకటి ఉంది. ఇన్ఫెక్షన్ చర్మానికీ, కండరాలకే పరిమితమైందా, ఎముకకు కూడా సోకిందా అన్నదే అది. ఎముకకు సోకితే వారాల తరబడి యాంటీబయాటిక్ మందులు వాడవలసి వస్తుంది. కొందరికి ఆ భాగాన్ని తొలగించక తప్పదు. సోకలేదని తేలితే అనవసర శస్త్రచికిత్సను నివారించవచ్చు. ఈ నిర్ణయానికి తోడ్పడే సాధనాలలో అణు వైద్య పరీక్షలు ముఖ్యమైనవి.

ముందుగానే జాడ

ఎముకలోని ఖనిజం 30 నుండి 50 శాతం వరకు నశించిన తరువాతనే ఎక్స్-రేలో మార్పు కనిపిస్తుంది. ఇందుకు 10 నుండి 14 రోజులు పట్టవచ్చు. ఎం.ఆర్.ఐ. ముందుగానే గుర్తించగలిగినా, లోహపు కీళ్లు అమర్చిన చోట చిత్రం చెదిరిపోతుంది. అణు వైద్య పరీక్ష అవయవ ఆకృతిని కాక, అక్కడ జరుగుతున్న జీవక్రియను చూపుతుంది. స్వల్ప మోతాదులో రేడియోధార్మిక ఔషధాన్ని నరంలోకి ఎక్కించి, దాని నుండి వెలువడే కిరణాలను కెమెరాతో చిత్రిస్తారు. ఇందులో విరివిగా వాడే టెక్నీషియం-99ఎం అర్ధ జీవితకాలం 6 గంటలు మాత్రమే.

తెల్ల రక్తకణాల స్కాన్

ఎముకల స్కాన్ చిన్న మార్పునైనా పసిగడుతుంది. అయితే విరిగిన ఎముక, కీళ్లవాతం, ఇటీవల జరిగిన శస్త్రచికిత్స కూడా అందులో ఇన్ఫెక్షన్ వలెనే కనిపించవచ్చు. ఈ లోపాన్ని తెల్ల రక్తకణాల స్కాన్ చాలావరకు తీరుస్తుంది. రోగి రక్తం నుండి తెల్లకణాలను వేరుచేసి, వాటికి టెక్నీషియం లేదా ఇండియం-111ను జతచేసి తిరిగి అదే రోగికి ఎక్కిస్తారు. ఆ కణాలు ఇన్ఫెక్షన్ ఉన్న చోటికి చేరుకుంటాయి. కొన్ని గంటల తరువాత ఒకసారి, మరునాడు మరొకసారి చిత్రాలు తీస్తారు. కణాల చేరిక కాలంతో పాటు పెరిగితే ఇన్ఫెక్షన్‌గానూ, తగ్గితే క్రిములు లేని వాపుగానూ భావిస్తారు. వెన్నెముక విషయంలో మాత్రం ఈ పరీక్ష అంతగా నమ్మదగినది కాదు.

పెట్-సి.టి.

వెన్నెముక ఇన్ఫెక్షన్లకూ, కారణం తెలియని దీర్ఘకాలిక జ్వరాలకూ పెట్-సి.టి. ఉపకరిస్తుంది. ఇందులో గ్లూకోజును పోలిన ఎఫ్.డి.జి. అనే పదార్థాన్ని వాడతారు. గుండెలోని కృత్రిమ కవాటాల ఇన్ఫెక్షన్ నిర్ధారణలో దీనిని యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ 2015 మార్గదర్శకాలలో చేర్చింది. అయితే కాన్సర్ కణాలు, మానుతున్న గాయాలు కూడా ఎఫ్.డి.జి.ని గ్రహిస్తాయి కనుక ఫలితాన్ని జాగ్రత్తగా అన్వయించవలసి ఉంటుంది.

పరిమితులు, జాగ్రత్తలు

స్కాన్ ఇన్ఫెక్షన్ ఉన్న చోటును చూపుతుందే గాని, దానికి కారణమైన క్రిమి ఏదో చెప్పదు. అందుకు కణజాల నమూనా, కల్చర్ పరీక్షలు తప్పనిసరి. వేరుచేసిన రక్తకణాలు ఒక రోగివి మరొకరికి ఎక్కకుండా కట్టుదిట్టమైన ఏర్పాట్లు ఉండాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు తమ స్థితిని వైద్యులకు ముందుగానే తెలపాలి. మనదేశంలో అణు వైద్య కేంద్రాలు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతితో, 2004 నాటి వికిరణ రక్షణ నిబంధనలకు లోబడి పనిచేయవలసి ఉంటుంది.