మధుమేహము – ఆహారము – హృదయరక్షణ

మధుమేహమును లోకమున చక్కెరజబ్బు అని వ్యవహరించుట వాడుక. ఈ పేరు వలననే ఒక పొరపాటు కలుగుచున్నది. కాఫీలో పంచదార మానినచో తమ బాధ్యత తీరినదని పలువురు రోగులు భావింతురు. అట్టివారే మధ్యాహ్నమును రాత్రియు కొండంత అన్నము, దానిపై ఊరగాయ, అప్పడములు భుజించుచుందురు. అన్నము తియ్యగా లేకపోయినను, జీర్ణమైన పిదప అదియు చక్కెరగానే రక్తమున చేరునని వారెరుగరు.

మధుమేహరోగుల ప్రాణములకు మిక్కిలి ముప్పు తెచ్చునది హృద్రోగము. ఇతరులతో పోల్చినచో వీరికి గుండెపోటు, పక్షవాతము కలుగు అవకాశము సుమారు రెండురెట్లు. భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. వాని ప్రకారము మన దేశమున 10 కోట్లకు పైగా ప్రజలు మధుమేహముతోను, సుమారు 13 కోట్ల 60 లక్షలమంది దాని పూర్వదశలోను ఉన్నారు. కావున ఇది ఇంటింటికి సంబంధించిన విషయము.

ఇన్సులిన్ నిరోధమనగా నేమి?

మనము తినిన పిండిపదార్థములు గ్లూకోజుగా మారి రక్తములో కలియును. క్లోమగ్రంథినుండి వెలువడు ఇన్సులిన్ ఆ గ్లూకోజును కండరములలోనికి పంపును. కాలేయము అవసరమునకు మించి గ్లూకోజును విడువకుండ ఆపును. 1921లో కెనడా దేశపు టొరాంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అను పరిశోధకులు దీనిని వేరుపరచిరి. అయితే మధుమేహులందరికిని లోపము ఇన్సులిన్ కొరత మాత్రమే కాదని 1936లో హిమ్స్‌వర్త్ అను ఆంగ్ల వైద్యుడు చూపెను. కొందరి శరీరమున ఇన్సులిన్ ఉన్నను, కణములు దాని పిలుపునకు సరిగా పలుకవు. దీనినే ఇన్సులిన్ నిరోధమందురు.

కణములు పలుకకపోగా క్లోమగ్రంథి మరింత ఇన్సులిన్‌ను స్రవించును. ఇట్లు కొన్ని సంవత్సరములు గడచును. ఆ కాలమున రక్తపరీక్షలో చక్కెర హెచ్చుగా కనబడకపోవచ్చును. కాని రక్తనాళములకు హాని అప్పుడే ఆరంభమగును. తుదకు గ్రంథి అలసిపోయినప్పుడు మధుమేహము బయటపడును.

హృదయమునకు హాని ఎట్లు కలుగును?

మొదటిది: అవసరమునకు మించిన పిండిపదార్థములను కాలేయము క్రొవ్వుగా మార్చి రక్తములోనికి పంపును. అందువలన ట్రైగ్లిసరైడ్లు పెరుగును. మేలు చేయు కొలెస్టరాల్ తగ్గును. కీడు చేయు కొలెస్టరాల్ సన్నని రేణువులుగా మారి ధమనుల గోడలలో సులభముగా చొరబడును.

రెండవది: రక్తములో ఇన్సులిన్ అధికమైనచో మూత్రపిండములు ఉప్పును నిలువచేయును. రక్తపోటు హెచ్చుటకు ఇదియొక కారణము.

మూడవది: రక్తనాళముల లోపలి పొర మృదుత్వమును కోల్పోవును. రక్తము గడ్డకట్టు స్వభావము పెరుగును.

వీనికి తోడు, దీర్ఘకాల మధుమేహము నరములను మొద్దుబార్చును. గుండెపోటు వచ్చినను ఛాతీనొప్పి తెలియకపోవచ్చును. అకారణముగా ఆయాసము, చల్లని చెమటలు, మితిమీరిన నీరసము కలిగినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

భారతీయులలో శరీరపు బరువు అంతగా లేకపోయినను పొట్టచుట్టు క్రొవ్వు చేరు స్వభావమున్నది. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో హెచ్చరికగా గ్రహింపవలెను.

విస్తరిలో మార్పు

మన ఆహారశక్తిలో సుమారు 62 శాతము పిండిపదార్థములనుండియే లభించుచున్నదని 2025లో ప్రకటితమైన సర్వే తెలిపినది. ధాన్యముల వాటా 45 శాతమునకు మించరాదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించినది. అన్నము మాని అంతే పరిమాణమున గోధుమరొట్టెనో రాగిసంకటినో తినినచో చాలదు. మొత్తముపై ధాన్యమునే తగ్గించి, ఆ చోట మాంసకృత్తులను చేర్చవలెను.

సులభమైన కొలత ఇది. విస్తరిలో సగము ఆకుకూరలు, బీర, కాకర, చిక్కుడు వంటి కూరలు. పావు వంతు పప్పు, పెసలు, శనగలు, లేక చేప, గ్రుడ్డు. మిగిలిన పావు మాత్రమే అన్నము లేక జొన్నరొట్టె. ఉప్పు రోజునకు 5 గ్రాములు మించరాదు. ఊరగాయలోను అప్పడములోను ఉన్నదియు ఈ లెక్కలోనిదే. వనస్పతి, మరల మరల కాచిన నూనె, తీపి పానీయములు విడువవలెను.

మన ఇండ్లలో స్త్రీలు అందరికి వడ్డించి చివర భుజింతురు. అప్పటికి కూరయు పప్పును అడుగంటి, అన్నము పచ్చడి మాత్రమే మిగులును. ఇది వారి ఆరోగ్యమునకు హానికరము. వారి పాలు ముందే తీసియుంచుట కుటుంబ ధర్మము.

లంఖణము పరమౌషధమని సామెత కలదు. కాని ఇన్సులిన్ తీసికొనువారును, కొన్ని రకముల మాత్రలు వాడువారును వైద్యుని అడుగక ఉపవసించినచో రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. వణకు, చెమట, కంగారు తోచినచో వెంటనే పంచదార నీరు త్రాగవలెను.

ప్రయత్నము ఫలించును

చైనాలోని దాచింగ్ నగరమున 1986లో మధుమేహ పూర్వదశలోనున్న 577 మందితో ఒక పరిశీలన ప్రారంభమైనది. ఆరేండ్లు ఆహారనియమమును వ్యాయామమును పాటించినవారిలో, 30 సంవత్సరముల పిమ్మట లెక్కించగా, హృద్రోగ పక్షవాతములు 26 శాతము తక్కువగా నుండెను. నియమమునకు పట్టినది ఆరేండ్లు. ఫలము తరతరమునకు నిలిచినది.

కావున 30 ఏండ్లు దాటిన ప్రతివారును సమీప ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమున రక్తపోటును, చక్కెరను పరీక్షింపించుకొనవలెను. వారమునకు 150 నిమిషములు వడిగా నడువవలెను. పొగాకు ముట్టరాదు. వైద్యుడిచ్చిన మందులను, ఒంట్లో బాగున్నదని, తమంత తామే మానరాదు. రోగికొక వంట, ఇంటివారికొక వంట అను భేదము అక్కరలేదు. రోగికి హితమైన ఈ భోజనము ఇంటిల్లిపాదికిని హితమే.