దయకు తీరిక కావాలి

అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో పాదిరీలు కావడానికి చదువుకుంటున్న విద్యార్థుల మీద జాన్ డార్లీ, డానియల్ బాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేసి, 1973లో దాని ఫలితాలు ప్రకటించారు. పక్క భవనానికి వెళ్లి ప్రసంగించమని ఆ విద్యార్థులకు చెప్పారు. కొందరికి ఇచ్చిన అంశం, దారిలో గాయపడి పడి ఉన్నవాణ్ని ఆదుకున్న మంచి సమరయుడి కథే. దారిలో ఒక సందులో, గుమ్మం దగ్గర ఒక మనిషి తల వాల్చేసి, కళ్లు మూసుకుని, దగ్గుతూ మూలుగుతూ పడి ఉంటాడు. అతణ్ని అక్కడ ఉంచింది పరిశోధకులే. తీరిగ్గా బయల్దేరినవాళ్లలో 63 శాతం మంది ఏదో ఒక సాయం చేశారు. ఆలస్యమైందని తొందరపెట్టి పంపినవాళ్లలో సాయపడింది 10 శాతమే. సమరయుడి గురించి మాట్లాడటానికి వెళుతూనే అతణ్ని దాటుకుంటూ పోయినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు రాతిగుండె మనుషులేం కారు. ఆగకుండా వచ్చినవాళ్లలో చాలామంది అవతలి భవనానికి చేరేసరికి కలవరపడుతూనే ఉన్నారు. మనలో దయ ఉందా లేదా అని గుండెలు తడుముకుంటాం గానీ, ఆ దయకు చోటు దొరికేలా రోజును పేర్చుకున్నామా అన్నదే అసలు ప్రశ్న.

ఆ కథ ఉన్న లూకా సువార్త పదో అధ్యాయాన్ని ఈ దృష్టితో చదివితే కథ కొత్తగా కనిపిస్తుంది. సమరయుడు జాలిపడ్డాడన్నది ఒక్క మాటలో అయిపోతుంది. మిగతాదంతా పని. నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టడం, తన వాహనం మీద ఎక్కించుకోవడం, పూటకూళ్ల ఇంట్లో చేర్చి దగ్గరుండి చూసుకోవడం. మర్నాడు పూటకూళ్లవాడి చేతికి రెండు దేనారాలు ఇచ్చాడు. మత్తయి సువార్తలోని ద్రాక్షతోట కూలీల లెక్క ప్రకారం అది రెండు రోజుల కూలి. అంతకు మించి ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. నాకు ఈ చివరి మాటే ముఖ్యమనిపిస్తుంది. ఆసుపత్రికి తోడు వెళ్లి వచ్చాక వారానికి మళ్లీ ఫోన్ చేయడం, ఆరాధన ముగియగానే బండి తీయకుండా వెనక వరసలో ఒంటరిగా కూర్చున్న పెద్దావిడ దగ్గర పావుగంట ఆగడం, పనిమనిషి జీతం ఆమె అడక్కముందే ఒకటో తారీఖున ఇవ్వడం ఈ కోవలోవే.

ఇలా ఆగుతూ పోతే మన పనులేం కావాలని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. సమరయుడు తన ప్రయాణం మానుకోలేదు. బాధ్యత ఇంకొకరికి అప్పగించి, డబ్బిచ్చి కదిలాడు. రోడ్డు ప్రమాదంలో సాయపడితే కేసుల్లో ఇరుక్కుంటామన్న భయానికీ ఇప్పుడు ఆధారం లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సాయం చేసినవాళ్లకు రక్షణ కల్పించింది. వాళ్లను ఆ చట్టం పిలిచే పేరు కూడా గుడ్ సమారిటన్ అనే.

అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ ఇంకొకటి ఉంది: క్రైస్తవుల దయ మతమార్పిడికి ఎర అని. దీన్ని కోపంతో కొట్టిపారేయకూడదు, చేతలతో జవాబివ్వాలి. 1876-78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపి కూలి ఇచ్చాడు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, కరవు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ విరామం తర్వాత, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. మన సంఘాలు ఆ సంఖ్యనే గర్వంగా చెప్పుకుంటాయి. అడిగినవాళ్లను ఆగమని, కూలి మాత్రం ఆపకుండా ఇచ్చిన ఆ ముందటి నెలల గురించే ఎక్కువగా చెప్పుకోవాలని నేనంటాను.