అక్షరం కోసం అర్ధరాత్రి కాపలా!

రాత్రిపూట మీడియం వేవ్‌లో దూరపు స్టేషన్ పెట్టుకుని పాట వింటుంటే... పల్లవి పక్కింట్లోంచి వస్తున్నట్టు ఖంగున వినిపిస్తుంది. చరణానికి వచ్చేసరికి బావిలోంచి పాడుతున్నట్టు సన్నబడిపోతుంది. సెట్టుని అటూ ఇటూ తిప్పి, పైన ఓ దెబ్బ వేసేలోపు పాట తనంతట తనే తిరిగొచ్చేస్తుంది. నిజానికి అందులో సెట్టు తప్పేమీ లేదు. అది ఆకాశం చేసే పని. దాని పేరు ఫేడింగ్.

పాటలో రెండు ముక్కలు పోతే వచ్చే నష్టమేమీ లేదు. కానీ అంతకన్నా తక్కువ ఫ్రీక్వెన్సీలో, సముద్రాల అవతలి నుంచి వచ్చే సంకేతాల కోసం కాచుక్కూర్చునే హ్యామ్ రేడియో అభిమానులకు మాత్రం రాత్రంతా పడిన శ్రమ ఈ ఫేడింగ్ వల్లే వృథా కావచ్చు.

ఒక సంకేతం... రెండు దారులు

భూమికి సుమారు 60 కిలోమీటర్ల ఎత్తు నుంచి అయనావరణం మొదలవుతుంది. ఎండ తాకిడికి అక్కడి గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోతాయి. ఆ పొర రేడియో తరంగాలను అద్దంలా కిందికి తిప్పి పంపుతుంది. పగలు దాని అడుగుభాగం మీడియం వేవ్ తరంగాలను చాలావరకు మింగేస్తుంది. చీకటి పడితే ఆ అడ్డు తొలగుతుంది. రాత్రుళ్లు దూరపు స్టేషన్లు పలికేది అందుకే.

అయితే తరంగాలన్నీ ఒకే దారిలో రావు. కొన్ని నేలను ఆనుకుని వస్తే, మరికొన్ని పైకెళ్లి తిరిగొస్తాయి. రెండూ ఒకే ఊపులో కలిస్తే మోత పెరుగుతుంది. ఒకటి పైకి లేచినప్పుడు రెండోది కిందికి దిగితే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పైనున్న పొర ఎత్తు మారుతూనే ఉంటుంది కాబట్టి ఈ పెరగడం, తగ్గడం ఆగదు.

విసిగించిందే సాక్ష్యమైంది

అసలు ఆకాశంలో అలాంటి పొర ఉందని తేల్చింది కూడా ఫేడింగే! లండన్ నుంచి వచ్చే బీబీసీ ప్రసారం కేంబ్రిడ్జిలో పగలు నిలకడగా, రాత్రి ఎగుడుదిగుడుగా ఉండటాన్ని శాస్త్రవేత్త ఎడ్వర్డ్ యాపిల్‌టన్ గమనించారు. 1924 డిసెంబరులో బోర్న్‌మత్ స్టేషన్ కార్యక్రమాలు ముగిశాక, అక్కడి నుంచి పంపే తరంగాల పొడవును మెల్లగా మార్పించి ఆక్స్‌ఫర్డ్‌లో విన్నారు. సంకేతం ఎన్నిసార్లు పెరిగి తగ్గిందో లెక్కగట్టి, పొర దాదాపు 90 కిలోమీటర్ల ఎత్తులో ఉందని తేల్చారు. పై వాతావరణం మీద చేసిన పరిశోధనలకు 1947లో ఆయనకు నోబెల్ వచ్చింది.

'క్యూ'కి 13 నిమిషాలు

2007 అంతర్జాతీయ సదస్సులో హ్యామ్‌లకు 136 కిలోహెర్ట్జ్ దగ్గర ఓ చిన్న బ్యాండ్ కేటాయించారు. అక్కడ తరంగం పొడవు 2.2 కిలోమీటర్లు. దానికి తగ్గ యాంటెన్నా ఇంట్లో కట్టడం అయ్యే పని కాదు. ఉన్నంతలో కట్టుకుంటే, పంపిన శక్తిలో చాలావరకు వేడిగా పోతుంది. గాల్లోకి వెళ్లేది మహా అయితే ఒక వాటు. నిబంధన కూడా అంతవరకే.

అంత బలహీనమైన సంకేతం చెవికి వినపడదు. అందుకే మోర్స్ కోడ్‌ను సాగదీసి పంపుతారు. కంప్యూటర్ తెరమీద అది సన్నటి గీతగా కనిపిస్తుంది. ఒక డాట్‌కి ఒక నిమిషం, డ్యాష్‌కి మూడు. ఆ లెక్కన ఇంగ్లిష్ అక్షరం 'క్యూ' పూర్తవడానికి 13 నిమిషాలు!

చిక్కు ఇక్కడే. తరంగం ఇంత పొడవు కాబట్టి పొర వందల మీటర్లు కదిలితేగానీ సంకేతంలో పెద్ద తేడా రాదు. అంటే ఫేడింగ్ మెల్లగా వస్తుంది, వెళ్లడానికీ తొందరపడదు. 'క్యూ'లో మొదటి డ్యాష్‌ని మింగేసిందంటే తెరమీద మిగిలేది 'కె'. ఒక్క అక్షరం మారితే పంపిన మనిషే మారిపోతాడు. మళ్లీ మళ్లీ పంపాలి, సరిచూసుకోవాలి. ఈలోపు తెల్లారితే ఆ రాత్రికి అంతే.

నోబెల్ హ్యామ్ చిట్కా

ఈ బాధకు ఉపాయం కనిపెట్టింది అమెరికాకు చెందిన జో టేలర్. జంట పల్సార్‌ని కనుగొన్నందుకు 1993లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న ఆయన స్వయంగా హ్యామ్. 2008లో 'విస్పర్' అనే సాఫ్ట్‌వేర్ రాశారు. పేరుకు తగ్గట్టే ఇది గుసగుసలు వినే యంత్రాంగం. పంపేవారి గుర్తు, ఊరి జాడ, ఎంత శక్తితో పంపుతున్నారు... ఈ మూడు ముక్కలే దాదాపు రెండు నిమిషాలపాటు వెళ్తాయి. సమాచారాన్ని ఆ వ్యవధి అంతటా పరిచి పంపడం వల్ల మధ్యలో కొంత పోయినా మిగిలినదాంతో కంప్యూటర్ పూరించుకోగలదు.

సూర్యుడు ఆగ్రహిస్తే మాత్రం ఏ చిట్కా అయినా ఓ పట్టాన పారదు. లద్దాఖ్‌లోని హాన్లేలో కూడా ఆకాశాన్ని ఎర్రగా మార్చిన 2024 మే నాటి తుపాను లాంటివి వచ్చి వెళ్లాక, పై నుంచి రాలే ఎలక్ట్రాన్ల వల్ల తక్కువ ఫ్రీక్వెన్సీ సంకేతాలు కొన్ని రోజులపాటు నీరసించిపోతాయి.

ఫేడింగ్‌ని స్వయంగా గమనించాలంటే లైసెన్సు అక్కర్లేదు. అటక మీద పాత రేడియో ఉంటే దించండి. పొద్దుగూకాక మీడియం వేవ్‌లో ఓ దూరపు స్టేషన్ పట్టి, పిల్లల చేతికి కాగితం, పెన్సిలు ఇవ్వండి. మోత తగ్గినప్పుడల్లా టైము రాయమనండి. యాపిల్‌టన్ లెక్కపెట్టింది ఇలాంటి ఎగుడుదిగుళ్లనే.