పాల బిల్లులో వట్టి నెలల వాటా
- ఒక సహకార ఇన్‌స్పెక్టరు

పాడి కుటుంబానికి పాల బిల్లు జీతం వంటిదని అంటూ ఉంటాము. ఆ మాటలో సగమే నిజమున్నది. ఉద్యోగికి పన్నెండు నెలలూ జీతం వస్తుంది. గేదె మాత్రం ఈనిన తరువాత సుమారు 10 నెలలు పాలిచ్చి వట్టిపోతుంది. మళ్ళీ ఈనేవరకు బిల్లు రాదు, మేత ఖర్చు ఆగదు. సంఘాల తనిఖీలో సభ్యుల ఖాతాలు చూస్తే, దాణా బాకీలు పేరుకునేది ఎక్కువగా ఈ నెలల్లోనే. కావున పాడి రైతుకు పొదుపు అంటే, వట్టి నెలల ఖర్చును పాలిచ్చే నెలల్లోనే తీసి పెట్టుకోవడం.

లెక్క ఎట్లా కట్టాలి?

ఉదాహరణకు ఒక గేదె ఉన్న ఇల్లు తీసుకుందాము. వట్టి కాలం 5 నెలలు, అనగా 150 రోజులు. గడ్డి, దాణా, మందులు కలిపి రోజుకు 80 రూపాయలు వేసుకుంటే 12,000 రూపాయలు. పదిహేను రోజులకొక బిల్లు చొప్పున 10 నెలల్లో 20 బిల్లులు. బిల్లుకు 600 రూపాయలు తీసి పెడితే సరిపోతుంది. సభ్యులు తమ ఊరి ధరలతో ఈ లెక్క కట్టుకోవలెను.

అట్లా తీసి పెట్టక, అదే సొమ్ము నూటికి 3 రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 360, ఏడాదికి 4,320 రూపాయలు వడ్డీకే పోతుంది. పాల వ్యాపారి వద్ద అడ్వాన్సు తీసుకుంటే, గేదె ఈనాక పాలు ఆయనకే, ఆయన చెప్పిన ధరకే పోయవలసి వస్తుంది. సంఘంలో పోసిన పాలను బట్టి వచ్చే బోనస్ కూడా పోతుంది.

ముందు పొదుపు, తరువాత ఖర్చు

ఖర్చులు పోను మిగిలినది దాచుదామంటే ఏమీ మిగలదు. బిల్లు అందిన రోజే వాటా తీయవలెను. వట్టి నెలల సొమ్ముకు బ్యాంకులో ఏడాది లోపు గడువు గల రికరింగ్ డిపాజిట్ అనుకూలము. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ 5 ఏళ్ళది. నెలకు 100 రూపాయల నుండి కట్టవచ్చు. అది పిల్లల చదువుకో, మరొక గేదెకో పనికి వస్తుంది. చిన్న మొత్తమని చులకన చేయరాదు. సారా వ్యతిరేక ఉద్యమం తరువాత, 1993లో నెల్లూరు జిల్లాలో మొదలైన 'పొదుపు లక్ష్మి'లో మహిళలు దాచినది రోజుకు ఒక్క రూపాయే.

ఎక్కడ తగ్గించాలి?

ఈనిన తొలి నెలల్లో బిల్లు పెద్దదిగా వస్తుంది. దానిని చూసుకుని టీవీ, ఫోను, మోటారు సైకిలు వాయిదాలకు తెస్తే, గేదె వట్టిపోయినా వాయిదా ఆగదు. అటువంటి వస్తువులను వట్టి నెలల సొమ్ము పక్కన పడిన తరువాతనే కొనవలెను. జొన్న చొప్పను కట్టలుగా వేయక, ముక్కలు చేసి వేస్తే వృథా తగ్గుతుంది. నీటి వసతి ఉన్నచోట కొద్దిపాటి పచ్చిమేత పెంచితే దాణా ఖర్చు కలిసివస్తుంది.

ఎక్కడ తగ్గించరాదు?

చూడి గేదెకు చివరి రెండు నెలలు దాణా తగ్గించరాదు. తగ్గిస్తే దూడ బలహీనంగా పుడుతుంది, తరువాతి ఈతలో పాలు పడిపోతాయి. గాలికుంటు టీకా, పశువుల బీమా మానరాదు. ఉన్న పాలన్నీ కేంద్రంలో పోసి పిల్లలకు నీళ్ళ టీ ఇవ్వడం పొదుపు కాదు.

ఎదను కనిపెట్టడం కూడా పొదుపే. ఒక ఎద తప్పితే మరొక 21 రోజులు ఆగవలెను. పై లెక్క ప్రకారం 1,680 రూపాయలు అదనపు ఖర్చు. వేసవిలో గేదెలకు మూగ ఎద ఎక్కువ గనుక ఉదయం, సాయంత్రం తప్పక గమనించవలెను.

చాలా ఇళ్ళలో మేత వేసేది, పాలు పితికేది ఇల్లాలే. బిల్లు చీటీ ఆమె కూడా చూడవలెను. బిల్లు వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ కూర్చుని, వట్టి నెలల వాటా తీసిన తరువాతనే ఇంటి ఖర్చులు అనుకోవలెను. సంఘ కార్యదర్శులు రాబోయే సర్వసభ్య సమావేశంలో తమ ఊరి ధరలతో ఈ లెక్కను బోర్డు మీద వ్రాసి సభ్యులకు వివరించగలరు.